ప్రసాదం క్యూ వెనక తోడి

సన్నాయి పెద్దాయన తోడి రాగం ఎత్తుకున్నాడు, జనమేమో ప్రసాదం క్యూలో ఉండారు! ఒంగోల్లో గుడి దగ్గర సాయంత్రం నాదస్వరం కచేరీ, ముందు పట్టుమని ఇరవై మంది లేరు, నేను పోయి డోలు పక్కనే కూలబడ్డా, చెవులు ఇంకా గుయ్యిమంటానే ఉండాయి.

మధ్యలో గ్యాప్ ఇస్తే దగ్గరికి పోయినా. పెద్దాయన సన్నాయి పీక, అదే నోట్లో పెట్టుకుని ఊదే ముక్క, ఊడదీసి పెదాల మధ్య తడుపుకుంటా, సన్నాయికి దారంతో వేలాడే సన్నటి పుల్లతో దాని నోరు సరిచేసుకుంటా ఉండాడు.

"మీది కరవదేనా సార్" అన్నా. "కాదు నాయనా, చిన మౌలానా గారి క్యాసెట్లు మాత్రం అరిగిపోయేదాకా విన్నా" అని నవ్వాడు.

మౌలానా గారంటే 1924లో కరవదిలో పుట్టి శ్రీరంగం పోయి స్థిరపడ్డ నాదస్వరం విద్వాంసుడు, 1977లో పద్మశ్రీ. ఒంగోలు పక్క స్టేషనే గదా కరవది, మా పిల్లోళ్లని అడిగితే ఒక్కడికీ పేరు తెలీదు, ఏందో మరి.

సెల్ఫీ అడగబుద్ధి కాలా. భూపాలం రాగం ఎప్పుడు వాయిస్తారంటే తెల్లారి గుడి తలుపులు తీసేటప్పుడు రమ్మన్నాడు. అలారం పెట్టేసినా. ఎవరన్నా వస్తారా, బండి మీద ఇంకొకరికి చోటుంది.