సూర్యుడి కిటికీలో కృత్తికలు

పెరూ దేశంలో, ఇంకాలనే పాతకాలపు ప్రజలు కొండ మీద కట్టిన మాచు పిక్చు నగరంలో ఇంతిహువాతానా అనే రాతి దగ్గర మా గైడు, "పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజుల్లో మధ్యాహ్నం ఈ రాతికి నీడే పడదు" అని చెప్పినప్పుడు నేను ఊరుకోలేకపోయాను. చుట్టూ ఉన్నవారు అబ్బురపడి వింటున్నారు. కొందరు అడ్డుగా కట్టిన తాడు మీదుగా అరచేతులు చాచి, రాతిలోని శక్తిని గ్రహిస్తున్నామంటున్నారు. నేను పుట్టిన పలమనేరు భూమధ్యరేఖకు ఉత్తరాన 13 డిగ్రీల దూరంలో ఉంటే, ఈ నగరం దక్షిణాన దాదాపు అంతే దూరంలో ఉంది. మా బడిలో లెక్కల మాస్టారు ఆవరణలో కర్ర పాతించి, ఏడాది పొడవునా మా చేత దాని నీడ కొలిపించారు. విషువత్తు నాటి మధ్యాహ్నం మీటరు కర్రకు జానెడు నీడ మిగిలే ఉంటుంది. నీడ మాయమయ్యేది సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చినప్పుడే; అది మా ఊళ్ళో ఏప్రిల్ చివరి వారంలోనూ ఆగస్టు మధ్యలోనూ జరిగితే, ఇక్కడ అక్టోబరు చివరా ఫిబ్రవరి మధ్యలోనూ జరుగుతుంది. ఈ మాటలు మా చెల్లెలు స్పానిష్‌లో చెప్పగా గైడు ఓపికగా విని, తనకు అలాగే నేర్పారని అన్నాడు.

అతని మీద నాకు కోపం లేదు. కానీ సూర్యుణ్ణి కట్టివేసే చోటు అని పేరున్న ఈ రాతి దగ్గర అరగంట నిలబెట్టి, అంతకంటే నిక్కమైన అద్భుతమున్న కింది గుడిని రెండు నిమిషాల్లో దాటించడం బాధ కలిగించింది. ప్రవేశానికి పెరూ డబ్బులో 152 సోల్‌లు, కొండ కింది ఊరి నుంచి అరగంట బస్సు ప్రయాణానికి ఒక్క వైపుకే 12 డాలర్లు తీసుకున్న చోట, చూడవలసినదాన్ని తీరిగ్గా చూడనివ్వాలి కదా.

ఆ రోజు 2018 జూన్ 21, దక్షిణార్ధగోళంలో ఏడాదికల్లా పగలు తక్కువగా ఉండే రోజు. కావాలనే ఆ తేదీకి టికెట్లు తీసుకుని, చీకటి ఉండగానే బస్సు వరుసలో నిలబడ్డాం. ఆ కింది గుడి, తొర్రెయోన్ అని పిలిచే సూర్యాలయం, ఒక సహజమైన బండ మీద అర్ధవలయంగా లేచిన తెల్ల గ్రానైటు గోడ. సున్నం లేకుండా రాతికి రాతిని అరగదీసి పొదిగిన ఆ గోడ వంపులో, కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ ఇరుకుగా ఒక కిటికీ ఉంది. లోపలికి ఎవరినీ వెళ్ళనివ్వరు కనుక, పైనున్న మెట్ల దారి నుంచే తొంగిచూశాం. లోపలి బండను ఒకచోట గీత గీసినంత తిన్నగా చెక్కారు. ఆ తక్కువ పగటి రోజున, అంటే జూన్ అయనాంతం నాడు, సూర్యోదయానికి కిటికీలోంచి వచ్చే వెలుగు ఆ చెక్కిన అంచుకు సమాంతరంగా పడుతుందని, 1980లలో డేవిడ్ డియర్‌బోర్న్, రేమండ్ వైట్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. ఎదురు కొండల మీదుగా సూర్యుడు రావడానికి 7 గంటలు దాటింది. పసుపుపచ్చని వెలుతురు పట్టీ బండ మీదికి జారి అంచు పక్కనే నిలిచినప్పుడు నాకు అరసవల్లి గుర్తొచ్చింది. అక్కడ మార్చిలోనూ అక్టోబరులోనూ ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఇక్కడ కిరణం కోసం ఎదురుచూస్తున్నది విగ్రహం కాదు, ఒక చెక్కిన గీత.

ఆ కిటికీ సూర్యుడికి మాత్రమే కాదు. ఇంకాల కాలంలో కృత్తికలు ఉదయించే దిక్కు కూడా అదే. గైడు చెప్పకుండా వదిలేసిన ఈ సంగతి నాకు ముఖ్యమైందంటే, అందుకు కారణం మూడు రోజుల ముందు చిన్చెరోలో మేము బస చేసిన ఇంటి యజమానురాలు.

చిన్చెరో 3,760 మీటర్ల ఎత్తున పీఠభూమి మీద ఉన్న ఊరు. రాత్రి చలికి నిద్ర పట్టక తెల్లవారుజామున 5 గంటలకు వాకిట్లోకి వస్తే, అరవై ఏళ్ళు దాటిన ఆ తల్లి దుప్పటి కప్పుకుని ఈశాన్యం వైపు చూస్తూ నిలబడి ఉంది. అప్పుడే పైకి వస్తున్న చుక్కల గుంపును చూపించి "కోల్కా" అంది. అక్కడివాళ్ళ భాష క్వెచువాలో ఆ మాటకు ధాన్యం దాచే కొట్టు అని అర్థమని చెల్లెలు అడిగి చెప్పింది. జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండుగ వరకు ఈ చుక్కలను చూస్తారట. అవి పెద్దగా, కాంతిగా కనిపిస్తే వానలు వేళకు వస్తాయి, మసకగా కనిపిస్తే ఆలస్యమవుతాయి. దాన్నిబట్టి బంగాళదుంప ఎప్పుడు నాటాలో నిర్ణయించుకుంటారు. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నీనో ఏడాదుల్లో చాలా ఎత్తున పట్టే పలుచని మేఘాలే ఆ మసకకు కారణమని, ఆ ఏడాదుల్లో ఇక్కడి వానలు నిజంగానే తగ్గుతాయని 2000లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. ఆమెకు ఆ పత్రికతో పని లేదు. వాళ్ళ అమ్మ చూసింది, తను చూస్తోంది.

మా తాత ఆ గుంపునే పిల్లలకోడి అనేవాడు. కార్తెలు వేళ్ళ మీద లెక్కపెట్టి, రోహిణికి దుక్కులు ముగించి, మృగశిరకు మబ్బు చూసి, ఆరుద్రకు వేరుశనగ విత్తేవాడు. కొట్టు, కోడి అని పేర్లు వేరైనా, సముద్రాలకు అవతలివైపు రైతులు అవే చుక్కలను పంట కోసమే చూశారన్న తలంపుతో నాకు ఒళ్ళు పులకరించింది. ఆమె ఇచ్చిన దుంపల సూపు తాగుతూ చాలాసేపు మాట్లాడలేకపోయాను.

అందుకే మాచు పిక్చులో ఆ కిటికీ ముందు నాకు కదలబుద్ధి కాలేదు. ఇంకాల చక్రవర్తి పచకూతి కాలంలో, 15వ శతాబ్దంలో, పునాది బండను కూడా లెక్కలోకి తీసుకుని గోడ కట్టిన ఆ మేస్త్రీలు చిన్చెరో తల్లి లాంటివాళ్ళ కళ్ళనే నమ్ముకుని ఉంటారు.

మధ్యాహ్నం కిందికి దిగి ఇంటికి ఫోను చేశాను. అక్కడ రాత్రి 10:30 అయినా నాన్న మేలుకునే ఉన్నారు. రేపటి నుంచి ఆరుద్ర కార్తె అని, మబ్బు పట్టిందే కానీ చినుకు లేదని చెప్పి, చిన్చెరో కథ అంతా విన్నాక ఒక్కటే అడిగారు.

"మరి ఆ తల్లికి చుక్కలు ఎలా కనిపించాయిరా?"

"కాంతిగానే ఉన్నాయంది నాన్నా. కానీ 24 దాకా చూస్తేగానీ చెప్పలేనంది."

"ఆ మాటా నిజమే" అన్నారు నాన్న.