చంకలో మ్యాగజైన్, ముందంతా వెతుకులాట

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అనే మాట చిన్నప్పట్నించీ వింటున్నా గానీ అది నాకే, అదీ తుపాకీ కాల్చే రేంజ్‌లో పది మంది ముందు జరుగుతుందని అస్సలు అనుకోలేదు. కొత్త రైఫిల్‌తో మొదటి రోజు, మొదటి మ్యాగజైన్ (అదే, తూటాలు నింపే డబ్బా) అయిపోయింది, ఖాళీది కింద పడింది, చేతిలో నిండుది రెడీగా ఉంది. చెయ్యి దానంతటదే బారెల్ కిందకెళ్ళి, ముందు చేత్తో పట్టుకునే హ్యాండ్‌గార్డ్‌ని టక్ టక్ మని రెండు సార్లు పొడిచింది. అక్కడ కన్నం ఎక్కడుంది! మ్యాగజైన్ పెట్టే చోటు నా చంక కింద ఉంది. పక్క లేన్ ఆయన మర్యాదగా అటు తిరిగి నవ్వుకున్నాడు.

అసలు సంగతి చెప్తా. ఈ మధ్యే ఒక బుల్‌పప్ తీసుకున్నా, 5.56 క్యాలిబర్, సెమీ ఆటోమేటిక్, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా. బుల్‌పప్ అంటే తెలీనివాళ్ళ కోసం ఒక్క ముక్కలో: మామూలు రైఫిల్‌లో మ్యాగజైన్, బోల్ట్ (తూటాని లోపలికి తోసే ముక్క), చాంబర్ (తూటా కూర్చుని పేలే చోటు) అన్నీ ట్రిగ్గర్‌కి ముందుంటాయి, వెనకున్న స్టాక్ ఊరికే భుజానికి ఆనించుకోడానికే. బుల్‌పప్‌లో ఆ సామానంతా ట్రిగ్గర్ వెనక్కి, అంటే స్టాక్ లోపలికి తోసేస్తారు. బారెల్ పొడవు తగ్గదు, తుపాకీ పొడవు మాత్రం తగ్గుతుంది. నా దాంట్లో బారెల్ పదహారున్నర అంగుళాలు, మొత్తం రైఫిల్ 26 అంగుళాల పైన కొంచెం, అంతే. నా పాత మామూలు ఆకారం రైఫిల్ ఏఆర్-15 కి బారెల్ 16 అంగుళాలే కానీ స్టాక్ పూర్తిగా లాగితే 35 దాటుతుంది. ఒకే తూటా, ఇంచుమించు ఒకే వేగం, కానీ మోసుకెళ్ళే సంచి మాత్రం టెన్నిస్ రాకెట్ల సంచి అంత. బారెల్ కోసేసి పొట్టిగా చేసిన రైఫిల్‌లో అయితే బుల్లెట్ వేగం బాగా పడిపోతుంది, ఇక్కడ ఆ బాధ లేదు, ఈ డిజైన్‌లో ఉన్న అసలు లాభం అదొక్కటే అని నా అభిప్రాయం. మిగతావన్నీ దానికి మనం కట్టే వడ్డీ.

నిజం చెప్పాలంటే లెక్కలు చూసి కొన్లేదు. కాలేజీ రోజుల్లో కంప్యూటర్ గేముల్లో ఆగ్, ఫామాస్ అనే బుల్‌పప్‌లు పట్టుకుని రాత్రంతా ఆడిన బ్యాచ్ మాది, ఆ ఆకారం కళ్ళలో ఉండిపోయింది. తర్వాత చదివితే తెలిసింది ఈ ఐడియా చాలా పాతదని. థార్నీక్రాఫ్ట్ అని ఒక బోల్ట్ యాక్షన్ కార్బైన్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగే పొట్టి రైఫిల్) 1901 లోనే ఇలా వచ్చింది. బ్రిటన్ 1951లో ఈఎమ్-2 అనే బుల్‌పప్‌ని సైన్యానికి ఖాయం చేసి, అదే సంవత్సరం ప్రభుత్వం మారాక పక్కన పెట్టేసింది. ఆస్ట్రియా 1977లో స్టయర్ ఆగ్ తీసుకుంది, అక్కడ్నించే జనానికి ఈ పేరు బాగా తెలిసింది. ఇప్పుడేమో ఫ్రాన్స్ ఫామాస్ వదిలేసి 2016లో మామూలు ఆకారం హెచ్‌కే416 వైపు వెళ్ళింది, చైనా కూడా తన బుల్‌పప్ స్థానంలో మామూలు ఆకారం రైఫిల్ తెచ్చింది. అంటే అందరూ దిగిపోతున్న బస్సు నేను ఎక్కానన్నమాట. పర్లేదు, సీటు దొరికింది.

రేంజ్‌కి వెళ్ళే ముందు వారం రోజులు ఇంట్లో డ్రై ఫైర్, అంటే అసలు తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన, చేశా. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపేసి, చాంబర్ రెండు సార్లు చూసుకుని, స్నాప్ క్యాప్స్ అనే డమ్మీ తూటాలతో. ఈ చాంబర్ చూసుకోవడం కూడా కొత్తగానే ఉంది, ఎందుకంటే పాతదాంట్లో రైఫిల్ భుజం మీద ఉండగానే కొంచెం వంచితే లోపల కనపడేది, ఇక్కడ ఆ కిటికీ (ఖాళీ కేసు బయటికొచ్చే కన్నం) నా చెంప పక్కన ఉంటుంది, చూడాలంటే రైఫిల్ భుజం నించి దించి, బారెల్ మూతి అటే ఉంచి, వెనక భాగం కళ్ళ ముందుకి తెచ్చుకోవాలి. పొట్టి తుపాకీ కదా, మనకి తెలీకుండానే మూతి పక్కకి తిరిగిపోతుంది. రేంజ్ ఆఫీసర్ ఆయన మొదటి పది నిమిషాల్లోనే నన్ను ఒకసారి ఆపి "మీ ఎడమ చెయ్యి ఎక్కడుందో చూసుకోండి" అన్నారు. చూస్తే వేళ్ళు బారెల్ చివరికి దగ్గర్లో ఉన్నాయి. ఏఆర్ మీద చెయ్యి బాగా ముందుకి చాచి పట్టుకునే అలవాటు, ఇక్కడ అంత ముందుకి వెళ్తే హ్యాండ్‌గార్డే అయిపోతుంది. ఆ సాయంత్రమే ఒక హ్యాండ్ స్టాప్ బిగించా, వేళ్ళు దానికి తగిలి ఆగిపోతాయి.

సరే, మొదటి షాట్. దెబ్బ గట్టిగా ఉంటుందనుకున్నా, కానీ రికాయిల్ నేరుగా వెనక్కి వచ్చి భుజంలో కూర్చుంది, మూతి పెద్దగా లేవలేదు. కానీ చెంప! చెంప కింద బోల్ట్ వెనక్కీ ముందుకీ కొట్టుకోవడం దవడ ఎముకలోకి తెలుస్తుంది, ఎవరో ఇనప డబ్బాలో రాయి వేసి ఊపినట్టు. బారెల్ మూతి మొహానికి దగ్గరైపోయింది కాబట్టి మోత కూడా ఎక్కువ, చెవుల్లో ప్లగ్గులు పెట్టి పైన మఫ్స్ వేసుకున్నా, ఒక్కటి మాత్రం చాలదు, ఇది మాత్రం ఎవరైనా వినండి. మళ్ళీ ఆ మఫ్ అంచు స్టాక్‌కి తగిలి పైకి లేస్తుంటుంది, సన్నటివి తెచ్చుకోవాల్సొచ్చింది. ఇరవై రౌండ్లు, అంటే ఇరవై తూటాలు, అయ్యాక కాలిన మందు వాసన ముక్కులోనే ఉండిపోయింది, కళ్ళు కొంచెం మండాయి. గ్యాస్ బయటికొచ్చే చోటు పక్కనే మొహం పెట్టుకుని కూర్చుంటే ఇంకేమవుతుంది.

ట్రిగ్గర్ గురించి అందరూ భయపెట్టారు. ట్రిగ్గర్ ఇక్కడ, అది కదిలించాల్సిన హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) అక్కడ వెనక, మధ్యలో పొడుగాటి కడ్డీ ఒకటి కలుపుతుంది, అందుకే బుల్‌పప్ ట్రిగ్గర్ నొక్కితే తాడు కట్టి దూరంగా ఉన్నదేదో లాగుతున్నట్టుంటుందని అంటారు. నొక్కడానికి ఎంత బలం కావాలో స్కేల్ పెట్టి పది సార్లు కొలిచా, రెండున్నర కేజీల దగ్గర తేలింది. మొదట్లో మెత్తగా సాగుతుంది, తర్వాత గోడ తగిలినట్టు ఆగుతుంది, అక్కడ్నించి తెగి తూటా పేలుతుంది. బాగుందని చెప్పను, నా పాత దాంట్లో గాజు విరిగినట్టు శుభ్రంగా తెగేది, ఇది అలా కాదు. కానీ డెబ్భై ఎనభై రౌండ్ల తర్వాత నేను దాన్ని గమనించడమే మానేశా. వంద మీటర్లలో రెడ్ డాట్‌తో (ఎర్ర చుక్క చూపించే సైట్) ఐదు రౌండ్లు మూడు అంగుళాల వెడల్పులో పడ్డాయి, అందులో సగం తప్పు నా కంటిది, ఎందుకంటే ఫ్రెండ్ స్కోప్ అడిగి పెట్టి కొడితే రెండు అంగుళాల లోపలికి వచ్చింది.

ఇంకో చోట బోల్తా పడ్డా. 50 మీటర్లకి జీరో చేసి (అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సైట్ సరిచేసి), మధ్యలో పడుతుందిగా అన్న ధీమాతో 10 మీటర్ల టార్గెట్‌కి వచ్చి చిన్న చుక్క మీద గురిపెడితే ప్రతి రౌండూ రెండు అంగుళాలు కిందే. మళ్ళీ కొట్టా, మళ్ళీ కిందే. సైట్ వదులైందేమో అని స్క్రూలన్నీ బిగించా. తర్వాత వెలిగింది: స్టాక్ బారెల్‌తో ఒకే గీతలో ఉండటం వల్ల సైట్ బారెల్ కంటే రెండున్నర అంగుళాలు పైన కూర్చుంటుంది, కన్ను చూసే గీతా బుల్లెట్ వెళ్ళే గీతా 50 దగ్గర కలుస్తాయి, అంతకంటే బాగా దగ్గర్లో బుల్లెట్ ఇంకా కిందే ఉంటుంది. ఏఆర్‌లోనూ ఇంచుమించు ఇంతే ఎత్తు, కాకపోతే దాంతో నేనెప్పుడూ దగ్గర్నించి చుక్క మీద కొట్టలేదు. తెలీని తప్పు కొత్త తుపాకీ మీదకి నెట్టేశా.

మ్యాగజైన్ గోల దగ్గరికి మళ్ళీ వద్దాం, ఈ పోస్ట్ అసలు దాని కోసమే. పాతదాంట్లో మ్యాగ్ కళ్ళ ముందుంటుంది, పెట్టాక కిందకి లాగి చూస్తాం. ఇక్కడ కనపడదు, మోచెయ్యి వెనక్కి మడిచి, పక్కటెముకల దగ్గర తడుముకుంటూ పైకి కొట్టాలి. రెండో రోజు ఒకసారి సరిగ్గా లాక్ అవ్వలేదు. ఢాం అని ఒక రౌండ్ వెళ్ళింది, రెండోసారి క్లిక్, కిందకి చూస్తే మ్యాగజైన్ నా బూటు పక్కన పడుంది. ఇంకోసారి వదులు చొక్కా అంచు మ్యాగ్‌తో పాటు లోపలికి దూరి ఇరుక్కుంది, రైఫిల్ దింపబోతే చొక్కా కూడా వస్తోంది, మూతి టార్గెట్ వైపే ఉంచి ఒంటి చేత్తో విడిపించుకునేసరికి చెమటలు పట్టాయి. అప్పట్నించి చొక్కా టక్ చేసుకునే వెళ్తున్నా. బోర్లా పడుకుని కొట్టేటప్పుడైతే ఇంకా ఘోరం, 30 రౌండ్ల పొడుగు మ్యాగ్ నేలకి గుచ్చుకుంటుంది, మార్చాలంటే ఒక పక్కకి దొర్లాలి. పడుకుని కొట్టడానికి 20 రౌండ్లది వేరే పెట్టుకున్నా.

కానీ ఒక చిన్న ఆనందం ఉంది. బోల్ట్ వదిలే మీట సరిగ్గా మ్యాగ్ కన్నం వెనకే ఉంది. మ్యాగ్ పైకి కొట్టిన చేతి బొటనవేలు అక్కడికే చేరుతుంది, కొట్టు-నొక్కు, టక్-చక్. ఇది కుదిరిన రోజు మాత్రం ఊరికే ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో ఆ చప్పుడు కోసమే ఓ అరగంట చేశా, ఇంట్లోవాళ్ళు తలుపేసేశారు.

బరువు కథ కూడా చెప్పాలి. ఖాళీగా మూడున్నర కేజీల పైనే, పాతదాని కంటే ఎక్కువే, కానీ చేతికి తేలిక. బరువంతా భుజం దగ్గరుంటుంది కదా, ముందు చెయ్యి లాగదు, షాట్‌కీ షాట్‌కీ మధ్య ఒక్క చేత్తో పట్టుకుని నిలబడ్డా మణికట్టు మొత్తుకోదు. ఇక లోపమే లేదనుకున్నా, కానీ ఉంది. నిలబడి గురి చూసి నిదానంగా కొట్టమనండి, మూతి దగ్గర బరువు లేక చుక్క ఊరికే గాలికి ఆకులా ఊగుతుంది. పాత రైఫిల్ బద్ధకంగా ఒక చోట ఉండిపోయేది. ఇది చెప్పిన వైపు చటుక్కున తిరుగుతుంది, చెప్పని వైపు కూడా తిరుగుతుంది.

మా ఫ్రెండ్ ఒకడు ఎడమ చేతి వాటం. రెండో రోజు వచ్చి "ఇలా ఇవ్వరా ఒకసారి" అని ఎడమ భుజానికి ఎత్తబోయాడు, గబుక్కున పట్టుకున్నా. తూటా పేలాక మిగిలే ఖాళీ కేసులు కుడి వైపునుంచి బయటికొస్తాయి, ఎడమ భుజం మీద పెడితే ఆ కిటికీ నేరుగా వాడి మొహం దగ్గరే. ఇది బుల్‌పప్‌లకి పుట్టుకతో వచ్చిన జబ్బు, ఒక్కో కంపెనీ ఒక్కో మందు వేసింది: ఎఫ్ఎన్ ఎఫ్2000 కేసుల్ని గొట్టంలోంచి ముందుకి పంపి బారెల్ పక్కన పడేస్తుంది, కెల్-టెక్ ఆర్‌డీబీ కిందకి వదుల్తుంది, నా రైఫిల్ లాంటి వాటిల్లో ఎడమ చేతి బోల్ట్ విడిగా కొని, కిటికీ మూత అటు నించి ఇటు మార్చుకోవాలి. ఇదంతా వాడికి వివరించా. పాపం కుడి భుజానికే పెట్టుకుని, ఎడమ కన్ను మూసి, మెడ కొంగలా సాచి పది రౌండ్లు కొట్టాడు. టార్గెట్ పేపర్ మీద మూడు పడ్డాయి. ఆ కాగితం ఫోటో తీయనివ్వలేదు.

మూడో రోజు ఇద్దరం రెండు రైఫిళ్ళూ తీసుకెళ్ళాం. బుల్‌పప్‌తో వంద రౌండ్లు కొట్టా, ఒక్క తడబాటు లేదు, మ్యాగ్ మార్చడం చూసి వాడే "పర్లేదురా, చెయ్యి తిరిగింది" అన్నాడు. అదే ఊపులో పాత ఏఆర్ అందుకున్నా. మ్యాగ్ అయిపోయింది, కొత్తది తీశా, తీసుకెళ్ళి నేరుగా చంక కిందకి పొడుచుకున్నా. వాడు కడుపు పట్టుకుని నవ్వాడు.

ఇంటికొచ్చి శుభ్రం చేస్తున్నా. పిన్ను నొక్కితే వెనక బట్ ప్యాడ్ తలుపులా తెరుచుకుని బోల్ట్ మొత్తం బయటికి జారుతుంది, ఈ ఒక్క విషయంలో మాత్రం పాతదాని కంటే వెయ్యి రెట్లు నయం, మసి ఎంత పట్టినా పావుగంటలో అయిపోతుంది. అప్పుడే వాడి నించి ఒక ఫోటో వచ్చింది. ఎడమ చేతి బోల్ట్, ప్యాకెట్‌లో, ఇంకా విప్పలేదు. నా రైఫిల్‌కి. నన్ను ఒక్క మాట అడగలేదు.