అడిగితే కారణం చెప్పే పంపు

రాత్రి రెండు నలభైకి మెలకువ వచ్చింది. ఫోను తీసి చూస్తే షుగర్ 92, పక్కన బాణం కిందికి. ఒకప్పుడైతే ఆ బాణం చూడగానే చీకట్లో గ్లూకోజ్ బిళ్లల డబ్బా కోసం తడుముకునేదాన్ని. ఈసారి ముందు తెర మీదున్న నాలుగు వరుసలు చదివాను. వాటి సారాంశం ఇది: ఒంట్లో ఇంకా 0.6 యూనిట్ల ఇన్సులిన్ పని చేస్తోంది, తిన్నది అరిగిపోయింది, ఇలాగే సాగితే 68కి దిగవచ్చు, కాబట్టి వచ్చే అరగంట, ఒంటికి తగిలించుకున్న ఇన్సులిన్ పంపు నుంచి ఇన్సులిన్ సున్నా.

నాకు ఒక యూనిట్ ఇన్సులిన్ షుగర్‌ను దాదాపు 40 తగ్గిస్తుంది. 0.6 అంటే 24. తొంభై రెండులోంచి 24 తీస్తే 68. లెక్క సరిపోయింది. అయినా నమ్మకం చాలక ఒక బిళ్ల చప్పరించి పడుకున్నాను. టైప్ 1 మధుమేహంతో ఇరవై రెండేళ్లుగా బతుకుతున్న మనిషి అలవాట్లు అంత తొందరగా పోవు.

నా మొదటి పంపుకు ఇలా కారణం చెప్పే గుణం లేదు. ఒకరోజు అది ఎందుకు ఆగిందని సేవా కేంద్రానికి ఫోన్ చేస్తే, అరగంట లైన్లో ఉంచి, కొత్తది తీసుకోమన్నారు. ఇప్పుడు వాడుతున్నది ఆండ్రాయిడ్ఏపీఎస్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం, అంటే దాని కోడ్ ఎవరైనా చూసి వాడుకోవచ్చు. చేతికి అంటించుకున్న సెన్సార్ చెప్పిన షుగర్ అంకెను ఫోను అందుకుని, లెక్క వేసి, పంపుకు ఆదేశం పంపుతుంది. ఆ ఆదేశానికి గడువు ఉంటుంది. ఫోను చచ్చిపోయినా, బ్లూటూత్ తెగినా, గడువు తీరగానే పంపు తన మామూలు మోతాదుకు వచ్చేస్తుంది. ఇది రాసినవాళ్లు ముందు ఏం చెడిపోవచ్చో ఆలోచించి, తర్వాతే మిగతాది రాశారని నాకు అనిపిస్తుంది.

దీని మూలాలు నాలాగే టైప్ 1 మధుమేహం ఉన్న డానా లూయిస్ అనే అమెరికన్ దగ్గర ఉన్నాయి. ఆమెది మొద్దునిద్ర, సెన్సార్ అలారం ఆమెను లేపలేకపోయేది. 2013లో జాన్ కోస్టిక్ అనే తండ్రి తన కొడుకు సెన్సార్ అంకెలను ఇంటర్నెట్‌కు ఎక్కించే దారి కనిపెట్టి, ఆ కోడ్‌ను ఆమెతో పంచుకున్నాడు. ఆమె, స్కాట్ లీబ్రాండ్ కలిసి దాన్ని పెద్ద అలారంగా మార్చారు. ఆ తర్వాత బెన్ వెస్ట్ అనే అతను మెడ్‌ట్రానిక్ కంపెనీ పాత పంపులతో మాట్లాడే భాషను విప్పడంతో, బయటి నుంచి వాటికి ఆదేశాలివ్వడం వీలైంది. బయటి ఆదేశాలకు లొంగడం ఆ పంపుల భద్రతా లోపం. 2019లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటి గురించి హెచ్చరించింది కూడా. ఇలా సొంతంగా కట్టుకునే మనవాళ్లు మాత్రం ఆ లోపమున్న పంపుల కోసమే వెతికి వెతికి కొన్నారు!

ఇలాంటి పద్ధతి చవక అంటుంటారు, ఆ ‘చవక’ అనే మాట దగ్గర నాకు పేచీ ఉంది. ప్రోగ్రాం ఉచితమే. సెన్సార్ పది, పద్నాలుగు రోజులకు అయిపోతుంది, పంపు గొట్టం రెండు మూడు రోజులకోసారి మార్చాలి, ఇన్సులిన్ సరేసరి. ఖర్చంతా అక్కడే. నాకు మిగిలిందల్లా ఎవరో వాడి వదిలేసిన పంపును ఇంకా కొన్నేళ్లు నడిపించుకోగలగడం. అయితే పనితనంలో తీసికట్టు కాదు. న్యూజిలాండ్‌లో 97 మందితో 24 వారాలు జరిపిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలు పంపు, సెన్సార్ వాడినవారి కన్నా ఈ పద్ధతివాళ్ల షుగర్ రోజుకు మూడు గంటలకు పైగా ఎక్కువసేపు, ఉండాల్సిన 70–180 మధ్య ఉంది.

దీన్ని తయారుగా ఎవరూ చేతిలో పెట్టరు. కోడ్ తెచ్చుకుని ఎవరి యాప్ వాళ్లే కట్టుకోవాలి. నేను ప్రోగ్రామర్‌ను కాను, ప్రూఫ్‌రీడర్‌ను. మూడు ఆదివారాలు పట్టింది. యాప్‌కు వేసే డిజిటల్ సంతకం పాస్‌వర్డ్‌ను ఎక్కడో రాసిపెట్టుకుని, ఆ ‘ఎక్కడో’ ఎక్కడో మరిచిపోయాను. దాంతో కొత్త వెర్షన్ పాతదాని మీద కూర్చోనంది. అంతా తీసేసి మొదటికొచ్చాను. కట్టుకున్నాక కూడా వెంటనే పగ్గాలు ఇవ్వదు. మొదట్లో సలహా మాత్రమే ఇస్తుంది, ఒప్పుకోవడం మన పని. మధ్యలో ప్రశ్నపత్రం కూడా ఉంది. చదువు అయిపోయిన ఇన్నేళ్లకు పరీక్ష తప్పాను.

మా డాక్టర్ మొదట ఆ తెర వంక చూడనే లేదు. మూడో నెల గ్రాఫులు అచ్చు తీసి తెమ్మన్నారు. మెచ్చుకోలేదు గానీ, ఇన్సులిన్ ఎంతసేపు పని చేస్తుందని నేను పెట్టిన అంకెను పెన్నుతో కొట్టేసి ఇంకోటి రాశారు. ఆ అంకే ఇప్పటికీ ఉంది.

గత వారం మళ్లీ తెల్లవారుజామున అలారం. షుగర్ 48. కింద వరుసల్లో లెక్క అంతా సవ్యంగా ఉంది, పంపు ఆగిపోయింది, తీపి తినమని సూచన. ఒంట్లో మాత్రం చెమట లేదు, వణుకు లేదు. వేలు గుచ్చి గ్లూకోమీటర్‌లో చూస్తే 118. సెన్సార్ ఉన్న ఎడమ చేతి మీద పడుకున్నాను. అలా నొక్కుకుపోతే అది తక్కువ చూపిస్తుంది. లెక్కలో తప్పు లేదు, మూలప్రతిలోనే అచ్చుతప్పు. కుడివైపుకు తిరిగాను. పావుగంటకు 112 చూపించింది.