బీడీ139–బీడీ140 యాంప్: ఐడిల్ కరెంట్ చివరికి నిలబడింది

ఈ చిన్న ఆడియో యాంప్లిఫయర్‌ని పదిహేను నిమిషాలు లోడ్ మీద నడిపాక కూడా ఐడిల్ కరెంట్, అంటే సిగ్నల్ లేనప్పుడు ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంట్, 23 ఎంఏ (మిల్లీఆంపియర్లు) దగ్గరే ఆగింది! మొదలుపెట్టింది 20 దగ్గర. సిగ్నల్ తీసేసిన 40 సెకన్లలో మళ్ళీ 20కి దిగిపోయింది. మూడు వారాలుగా ఎగబాకుతూ వచ్చిన అంకె ఇవాళ కుదురుగా నిలబడింది. ఎక్కడ ఎందుకు తప్పిందో కొలతలతో సహా రాసి పెడుతున్నాను.

సర్క్యూట్ అందరికీ తెలిసిందే. 12 వోల్టుల సింగిల్ సప్లై, 8 ఓమ్‌ల స్పీకర్, ముందు ఒక బీసీ547బీ ట్రాన్సిస్టర్, వెనక బీడీ139–బీడీ140 పుష్‌పుల్ జత (తరంగం పై సగాన్ని ఒకటి, కింది సగాన్ని ఇంకొకటి మోస్తాయి), ఎమిటర్లలో చెరొక 0.47 ఓమ్ 1 వాట్ రెసిస్టర్. బీసీ547 కలెక్టర్ లోడ్ 180+180 ఓమ్‌లు, వాటి నడుమ నుంచి ఔట్‌పుట్‌కి 220 మైక్రోఫారడ్ బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ (ఔట్‌పుట్‌తో పాటే ఆ నడిమి బిందువునీ పైకి లేపేది). ఔట్‌పుట్ నుంచి బేస్‌కి 15కే (కిలో ఓమ్‌లు), బేస్ నుంచి గ్రౌండ్‌కి 2.2కే పెడితే మిడ్‌పాయింట్ (సిగ్నల్ లేనప్పుడు ఔట్‌పుట్ నిలిచే వోల్టేజ్) 5.8 వోల్టులు వచ్చింది, మొదటిసారికే. స్పీకర్ కప్లింగ్ కెపాసిటర్ 1000 మైక్రోఫారడ్, అంటే 20 హెర్ట్జ్ దాకా దిగుతుంది.

బీసీ547లో 15 ఎంఏ పారించడానికి కారణం ఉంది. ఔట్‌పుట్ 4.5 వోల్టుల పీక్ వెళితే 8 ఓమ్‌లలో 0.56 ఆంపియర్. ఆ కరెంట్ దగ్గర బీడీ139 గెయిన్ (బేస్ కరెంట్‌కి కలెక్టర్ కరెంట్ ఎన్ని రెట్లో ఆ అంకె) 60 అనుకుంటే బేస్‌కే 9 ఎంఏ కావాలి. 5 ఎంఏతో సరిపెడితే పై సగం ముందే నలిగిపోతుంది.

ఇక అసలు గొడవ, బయాస్. అంటే ఐడిల్ కరెంట్ పారేలా రెండు ఔట్‌పుట్ బేసుల మధ్య నిలిపే వోల్టేజ్.

మొదట రెండు బేసుల మధ్య 1ఎన్4148 డయోడ్లు రెండు పెట్టాను, చాలా డయాగ్రాముల్లో ఉన్నట్టే. సప్లైలో కరెంట్ లిమిట్ 500 ఎంఏకి కట్టాను. 0.47 ఓమ్ మీద మిల్లీవోల్టుల్లో చూస్తే స్విచ్ వేయగానే 78 ఎంవీ, అంటే 166 ఎంఏ. అర నిమిషానికి 98 ఎంవీ, నిమిషానికి 122, రెండు నిమిషాలకి 165. అంటే 350 ఎంఏ. సిగ్నల్ ఏమీ లేదు, స్పీకర్ మౌనంగా ఉంది, హీట్‌సింక్ మాత్రం వేలు పెట్టలేనంత కాలుతోంది. మూడో నిమిషంలో సప్లై లిమిట్‌లోకి వెళ్ళింది. లిమిట్ పెట్టకపోతే రెండు ట్రాన్సిస్టర్లూ అక్కడికక్కడే పోయేవి.

మొదటి అనుమానం నకిలీ పీసులు. కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చినవి నాలుగు బీడీ139లు తీసి, బేస్‌ని కలెక్టర్‌కి కలిపి, ఒక్కొక్కదానిలో 10 ఎంఏ పారించి ఎమిటర్ వైపు డ్రాప్ కొలిచాను. 0.612 నుంచి 0.619 వోల్టుల లోపే వచ్చాయి. అసలైన సరుకే. రెండో అనుమానం కాళ్ళు తారుమారు కావడం. అక్షరాలు మన వైపు ఉంటే బీడీ139కి ఎడమ నుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్. బీసీ547కి చదునైన ముఖం మన వైపు ఉంటే కలెక్టర్, బేస్, ఎమిటర్. అవీ సరిగ్గానే ఉన్నాయి. మూడో అనుమానం, ట్రాన్సిస్టర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఇన్సులేషన్‌గా పెట్టే మైకా రేకు కింద, వేడిని దాటించే పేస్ట్ తక్కువైందేమోనని. మళ్ళీ పూశాను. రెండు నిమిషాల రీడింగ్ 165 నుంచి 158కి తగ్గింది, అంతే.

డయోడ్ల మీద వోల్టేజ్ కొలిచాకే దారి దొరికింది. 15 ఎంఏ దగ్గర రెండు 1ఎన్4148ల మీద 1.52 వోల్టులు. బీడీ139కీ బీడీ140కీ 20 ఎంఏ చాలనుకుంటే కావాల్సింది రెండింటికీ కలిపి దాదాపు 1.26, ఎమిటర్ రెసిస్టర్లకి ఇంకో 0.02. పావు వోల్ట్ ఎక్కువ ఇస్తున్నాం! కారణం సైజు. 1ఎన్4148 లోపలి జంక్షన్ చాలా చిన్నది, అందులో 15 ఎంఏ అంటే ఇరుకు సందులో బస్సు దూరినట్టు. బీడీ139 జంక్షన్ విశాలం, అదే కరెంట్ దానిలో తక్కువ వోల్టేజ్‌కే పారుతుంది. రెండూ సిలికానే కాబట్టి రెండూ 0.7 అని లెక్క వేసుకోవడం ఇక్కడ కొంప ముంచుతుంది. బేస్–ఎమిటర్ వోల్టేజ్ 18 ఎంవీ పెరిగితే కలెక్టర్ కరెంట్ రెట్టింపు, 60 ఎంవీ పెరిగితే పది రెట్లు. ఎమిటర్ రెసిస్టర్లు లేకుంటే ఆ పావు వోల్ట్‌కి లెక్కే ఉండదు.

ఆ ఎక్కువ వోల్టేజ్ 166 ఎంఏని వివరిస్తుంది. 166 దగ్గర ఆగకపోవడానికి కారణం వేడి. జంక్షన్ ఒక డిగ్రీ వేడెక్కితే అదే కరెంట్‌కి కావాల్సిన వోల్టేజ్ 2 ఎంవీ తగ్గుతుంది. బేస్ వోల్టేజ్ కదలకుండా పట్టుకుంటే సుమారు ప్రతి 9 డిగ్రీలకీ కరెంట్ రెట్టింపు కావాలి. ఎమిటర్ రెసిస్టర్లు దీన్ని అణుస్తాయి, కానీ ఎంత? లెక్క వేశాను:

రెండు ట్రాన్సిస్టర్లకి కలిపి డిగ్రీకి 4 ఎంవీ. దారిలో రెసిస్టెన్స్ 0.47 రెండుసార్లు, ఒక్కో ట్రాన్సిస్టర్ లోపలి ఎమిటర్ రెసిస్టెన్స్ 26 ఎంవీ భాగించు 166 ఎంఏ, అంటే 0.16. మొత్తం 1.26 ఓమ్‌లు. కాబట్టి డిగ్రీకి 3.2 ఎంఏ పెరుగుదల. ఇక ఒక ఎంఏ పెరిగితే ఎన్ని డిగ్రీలు? 12 వోల్టుల మీద 12 మిల్లీవాట్లు. ఈ యూ ఆకారపు చిన్న హీట్‌సింక్ వాట్‌కి 20 డిగ్రీలు ఎక్కుతుంది, కాబట్టి 0.24 డిగ్రీ. జంక్షన్ నుంచి కేస్‌కి బీడీ139 డేటాషీట్ ఇచ్చేది వాట్‌కి 10 డిగ్రీలు, ఒక్కోదాని మీద 6 వోల్టులు, కాబట్టి ఇంకో 0.06. మొత్తం 0.30. గుణిస్తే 0.96. ఒకటికి అంచున నిలబడ్డాం. కరెంట్ 400 దాకా వెళ్ళేసరికి లోపలి రెసిస్టెన్స్ పడిపోయి అదే గుణకం 1.1 అవుతుంది. ఒకటి దాటిందంటే దానంతట అది ఆగదు. అదే థర్మల్ రనవే.

ఇంకో లెక్క. 12 వోల్టుల సప్లై, 8 ఓమ్‌ల లోడ్‌తో సైన్ వేవ్ నడిపితే ఔట్‌పుట్ జత వేడిగా వదిలే గరిష్ఠం 0.91 వాట్, అదీ 3.8 వోల్టుల పీక్ దగ్గర. సంగీతం ఎంత గట్టిగా పెట్టినా అంతకు మించదు. మన తప్పు బయాస్ మాత్రం ఏ సంగీతమూ లేకుండానే 2 వాట్లు కాల్చింది. హీట్‌సింక్ పెంచడం దీనికి మందు కాదు.

తర్వాత 1ఎన్4007లు. జంక్షన్ పెద్దది కాబట్టి రెండింటి మీద 1.39 వోల్టులే. చల్లగా ఉన్నప్పుడు 70 ఎంఏ. బాగుంది అనుకునేలోపే 2 నిమిషాలకి 95, 6కి 150, 12కి 240. అదే జబ్బు, నెమ్మదిగా. డయోడ్లని పేస్ట్ అద్ది హీట్‌సింక్‌కి ఆనిస్తే 70 నుంచి 92కి ఎక్కి ఆగింది. అంటే డయోడ్ ఎంత వేడెక్కుతోందన్నదే అసలు సంగతి. కానీ గుండ్రటి బాడీ చదును లోహానికి ఒక గీత మేర మాత్రమే తగులుతుంది. పైగా 70 ఎంఏ అవసరమే లేదు.

ఒక 1ఎన్4007, దానికి సిరీస్‌లో 39 ఓమ్ కూడా ప్రయత్నించాను. 1.28 వోల్టులు, 20 ఎంఏ చక్కగా వచ్చింది. 3.8 వోల్టుల పీక్ సైన్‌తో పావుగంట నడిపాక 41. వేడికి స్పందించేది డయోడ్ సగమే, రెసిస్టర్ సగానికి వేడి సంగతి పట్టదు. ఇంకో లోపం, సప్లై 12 నుంచి 13.8కి మారగానే బీసీ547 కరెంట్ 15 నుంచి 20కి పెరిగి, ఆ 39 ఓమ్ మీద 0.2 వోల్ట్ అదనంగా వచ్చింది. ఐడిల్ 150 దాటింది. బ్యాటరీ మీద నడిపేవాళ్ళు ఈ పద్ధతి ముట్టుకోకండి.

కాబట్టి వీబీఈ మల్టిప్లయర్, అంటే తన బేస్–ఎమిటర్ వోల్టేజ్‌ని (వీబీఈ) కొన్ని రెట్లు చేసి డయోడ్ల చోట నిలిపే ట్రాన్సిస్టర్. మూడో బీడీ139 ఒకటి, కలెక్టర్–బేస్ మధ్య ఆర్1, బేస్–ఎమిటర్ మధ్య ఆర్2. ఆర్1 మొదట 1కే పెట్టాను, అది తప్పు. ఈ ట్రాన్సిస్టర్‌లో 14 ఎంఏ పారితే గెయిన్ 100కి బేస్ కరెంట్ 0.14 ఎంఏ, 1కే మీద అదే 0.14 వోల్ట్. లెక్కలో ఉండని ఈ ముక్క సప్లై మారినప్పుడల్లా మారుతుంది. 13.8కి మార్చగానే బయాస్ 70 ఎంవీ జరిగింది. ఆర్1 470 ఓమ్‌లకి దించి, ఆర్2గా 330 ఓమ్‌లు, సిరీస్‌లో 500 ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి సరిచేసుకునే రెసిస్టర్) పెట్టాక 40 ఎంవీకి తగ్గింది. మల్టిప్లయర్‌కి అడ్డంగా 47 మైక్రోఫారడ్ కెపాసిటర్.

ప్రీసెట్ కింది చేతిలోనే, అంటే బేస్–ఎమిటర్ వైపే ఉండాలి. దాని వైపర్ (లోపల జరిగే కాంటాక్ట్) ఎప్పుడో ఒకప్పుడు వదులుతుంది. కింది చేయి తెగితే బయాస్ 0.7 వోల్టులకి పడిపోతుంది, సౌండ్ గరగరమంటుంది, అంతకు మించి నష్టం లేదు. పై చేయి తెగితే మల్టిప్లయర్ ఆఫ్ అయి 15 ఎంఏ మొత్తం బేసుల్లోకి పోతుంది. గెయిన్ 100 అంటే 1.5 ఆంపియర్, బీడీ139 హద్దు అదే. పై చేతిలో ప్రీసెట్ గీసిన డయాగ్రామ్ కనిపిస్తే నమ్మకండి. ప్రీసెట్ విషయంలో నా ఓటు బార్న్స్ 3296కి. 25 తిప్పులు, సీల్డ్ సెర్మెట్. ఓపెన్ కార్బన్ ప్రీసెట్‌తో ఒక మిల్లీవోల్ట్ సరిచేయడం కుదరని పని. మొదటిసారి పవర్ ఇచ్చే ముందు రెసిస్టెన్స్ గరిష్ఠంలో ఉంచి, తర్వాత తగ్గిస్తూ 0.47 మీద 9.4 ఎంవీ చూడాలి.

మల్టిప్లయర్‌ని బోర్డు మీదే నిలబెడితే పావుగంట పరీక్షలో 20 నుంచి 61. హీట్‌సింక్ మీద ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్‌కి 15 మిల్లీమీటర్ల దూరంలో బిగిస్తే 29, మళ్ళీ దిగడానికి రెండు నిమిషాలు. ఇవాళ చేసిందేమిటంటే, ఔట్‌పుట్ బీడీ139 ముఖం మీద పేస్ట్ రాసి, మల్టిప్లయర్‌ని దాని మీదే పేర్చి, ఒకే పొడవాటి 3 మిల్లీమీటర్ల స్క్రూతో రెండింటినీ బిగించడం. ట్రాన్సిస్టర్ ముందు ప్లాస్టిక్ జంక్షన్‌కి దగ్గర, హీట్‌సింక్ వేడెక్కే దాకా ఆగదు. అందుకే 23. కింది ట్రాన్సిస్టర్ ప్లాస్టిక్ ముఖమే మల్టిప్లయర్ వీపుకి ఇన్సులేషన్ కాబట్టి నడుమ మైకా అక్కర్లేదు. హీట్‌సింక్ వైపు మాత్రం తప్పదు, బీడీ139 వీపు మీద 12 వోల్టులు ఉంటాయి. స్క్రూ బిగించాక కలెక్టర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య మీటర్ బీప్ రాకుండా చూసుకోండి.

పాత జెర్మేనియం రేడియోల్లో ఏసీ128 ఔట్‌పుట్ జత పక్కన థర్మిస్టర్ (వేడికి రెసిస్టెన్స్ మారే భాగం) కనిపించేది ఇందుకే.

మిగతావి: బీసీ547 కలెక్టర్–బేస్ మధ్య 47 పీఎఫ్ (పికోఫారడ్) కెపాసిటర్, స్పీకర్‌కి అడ్డంగా 10 ఓమ్–0.1 మైక్రోఫారడ్ పెట్టాక, చెయ్యి దగ్గరికి తెస్తే మీటర్ రీడింగ్ గంతులేయడం ఆగింది. క్రాసోవర్ గరగర (సిగ్నల్ ఒక ట్రాన్సిస్టర్ నుంచి ఇంకోదానికి మారేచోట పుట్టేది) 20 ఎంఏ దగ్గర చెవికి అందదు. సీడీఐఎల్ కంపెనీ బీసీ547బీలు పది కొలిస్తే గెయిన్ అన్నీ 290–330 మధ్యే, జత కలపాల్సిన పని వచ్చినప్పుడు ఇవే వాడతాను. బ్రెడ్‌బోర్డ్ మీద మాత్రం ఈ స్టేజ్ కట్టకండి. 0.47 ఓమ్ పక్కన క్లిప్ కాంటాక్ట్ 0.1 ఓమ్ చేరితే ఏ రీడింగూ నమ్మలేం.

ఎమిటర్ రెసిస్టర్లు 1 ఓమ్‌కి పెంచితే పోదా అని అడగవచ్చు. రనవే గుణకం సగానికి పడుతుంది, నిజమే. పీక్‌లో ఇంకో 0.3 వోల్ట్ పోతుంది, 12 వోల్టుల సప్లైలో అది ఖరీదైన బేరం.

ఇప్పటివరకూ కొలతలన్నీ 30–33 డిగ్రీల గదిలోవి. మే నెలలో రేకుల షెడ్డులో పెట్టినా నిలబడాలి. కాబట్టి వచ్చే వారం అట్టపెట్టెలో 60 వాట్ల బల్బు వెలిగించి లోపల 48 డిగ్రీలు తెచ్చి ఇదే పావుగంట పరీక్ష. అక్కడ 30 ఎంఏ దాటకపోతే ప్లస్–మైనస్ 15 వోల్టులకి మారి ఔట్‌పుట్‌లో ఇంకా పెద్ద ట్రాన్సిస్టర్లు టిప్41సీ–టిప్42సీ వేస్తాను. ముందు స్టేజ్‌లో బీసీ557 జతతో డిఫరెన్షియల్ (రెండు ఇన్‌పుట్ల తేడాని పెంచే స్టేజ్), రెండూ ఒకే వేడిలో ఉండేలా వాటి చదును ముఖాలు ఒకదానికొకటి అతికించి. బూట్‌స్ట్రాప్ తీసేసి కరెంట్ సోర్స్ పెడితే సప్లై మారినా బయాస్ జరగదు, ఆ 40 ఎంవీ కూడా పోతుంది. టిప్41 వెడల్పు కేస్ మీద బీడీ139 ఎలా పేర్చాలన్నది ఇంకా తేలలేదు. టిప్41 స్క్రూ రంధ్రం పైన లోహపు రెక్కలో ఉంటుంది, జంక్షన్ కింద ప్లాస్టిక్‌లో. ముందుగా స్ప్రింగ్ క్లిప్‌తో ప్లాస్టిక్ మీదే నొక్కి చూస్తాను.