ఉద్యోగం పోలేదు, కానీ ఏడాది పైన రోజూ పోయినట్టే బతికాను

మొదట పట్టుకుంది పళ్ళ డాక్టర్. పొద్దున్న లేవగానే దవడ నొప్పి, చెవి పక్కన లాగేస్తోందని వెళ్తే ఆవిడ లైట్ వేసి చూసి, నిద్రలో పళ్ళు కొరుకుతున్నారండీ, దవడ పళ్ళు పైన బాగా అరిగిపోయాయి, ఏమైనా టెన్షన్‌లో ఉన్నారా అని అడిగింది. అబ్బే ఏం లేదండీ అన్నాను. అనేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, ఎందుకు ఏడుస్తున్నానో అప్పటికి నాకే సరిగ్గా తెలీదు.

అంతకి 8 నెలల ముందు మా ఆఫీసులో ఒక రౌండ్ లేఆఫ్స్ అయ్యాయి. నా పక్క సీటు అమ్మాయి, ఆరేళ్ళు కలిసి పనిచేశాం, పొద్దున్నే తనకి 15 నిమిషాల మీటింగ్ ఇన్వైట్ వచ్చింది, ఎందుకో ఏంటో రాయలేదు అందులో, ఇప్పుడే వస్తా అని వెళ్ళింది, మళ్ళీ సీటుకి రాలేదు. లాగిన్ కూడా ఆపేశారు. తన బ్యాగూ నీళ్ళ బాటిలూ నేనే కిందకి తీసుకెళ్ళి ఇచ్చాను. బాటిల్లో సగం నీళ్ళు ఇంకా ఉన్నాయి, లిఫ్ట్‌లో దిగుతుంటే అవి కదులుతున్న చప్పుడు ఇప్పటికీ గుర్తుంది నాకు.

ఆ రోజు నుంచి తర్వాత నేనే అని మనసులో పడిపోయింది. మేనేజర్ ఎప్పుడూ "ఓకే థాంక్స్" అని పెట్టేవాడు ఉత్త "ఓకే" అని పెడితే ఆ సాయంత్రం అంతా దాని గురించే ఆలోచన. చాట్‌లో హెచ్ఆర్ వాళ్ళ పేర్ల పక్కన పచ్చ చుక్క ఉందా లేదా చూసుకోవడం, మేనేజర్ కాలెండర్ తెరిచి ఎవరితో మీటింగ్ ఉందో చూడటం, రాత్రి పడుకున్నాక ఫోన్లో ఎక్కడెక్కడ ఎంతమందిని తీసేశారో వెతికి వెతికి చదవడం. మా ఆయన్ని రోజుకి ఎన్నిసార్లు అడిగేదాన్నో, "నన్ను తీసేస్తారంటారా?" అని. "నిన్నెందుకు తీస్తారు, నీ పని అంత బావుంటే" అనేవారు పాపం. ఆ మాటతో ఒక అరగంట బాగుండేది, మళ్ళీ మొదలు. సెలవు పెడితే నేను లేకపోయినా పని నడుస్తుందని వాళ్ళకి తెలిసిపోతుందని జ్వరం వచ్చినా సెలవు పెట్టలేదు.

తెల్లవారుజామున 3 గంటలకి మెలకువ, గుండె దడ, అరచేతులు తడి. మీటింగ్ ముందు కడుపులో గడబిడ, రెండుసార్లు బాత్రూమ్‌కి వెళ్తే గానీ కూర్చోలేకపోయేదాన్ని. ఒక రాత్రి ఛాతీ పట్టేసి ఊపిరి అందక హార్ట్ ఎటాక్ అనుకుని ఎమర్జెన్సీకి వెళ్ళాం, ఈసీజీ బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుందని పంపేశారు. డ్యూటీలో ఉన్నాయన ఒక్కసారి "నిద్ర పడుతోందా అమ్మా" అని అడిగుంటే చాలా నెలలు కలిసొచ్చేవి నాకు, ఆ బాధ ఇంకా ఉంది.

పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చిన వారానికే మా పాప, రెండో క్లాసు, నా ఒళ్ళో కూర్చుని ఏదో బొమ్మ గీసుకుంటోంది, ఫోన్ టింగ్ మంది. "అమ్మా, ఫోన్ మోగితే నువ్వు ఊపిరి ఆపేస్తావు ఎందుకు?" అంది. తన వీపు నా పొట్టకి ఆనుకుని ఉంది కదా, దానికి తెలుస్తోంది. మా ఆయన విన్నారు. మర్నాడే సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నారు, నన్ను అడగలేదు కూడా.

డాక్టర్ గారు ముందు థైరాయిడ్ టెస్ట్ రాశారు, ఎందుకంటే థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ, చెమట, నిద్ర లేకపోవడం ఉంటాయట. అది నార్మల్. తర్వాత జీఏడీ-7 అని ఒక కాగితం ఇచ్చారు, గత 2 వారాల గురించి 7 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 21. 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తీవ్రం కింద లెక్క, నాకు 17 వచ్చింది. ఆర్నెల్లకి పైగా చాలా రోజులు ఇలా ఆపుకోలేని ఆందోళన ఉండి ఒంట్లో కూడా తెలుస్తుంటే దాన్ని జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారని, ఇది ధైర్యం లేకపోవడం కాదని, జబ్బని చెప్పారు. ఆ మాట విన్నాక భుజాల మీద నుంచి ఏదో దించినట్టయింది. ఒక్కోసారి ఇదంతా ఇక వద్దు అనిపిస్తోందని కూడా అప్పుడే చెప్పేశాను. ఎవరికైనా అలా అనిపిస్తుంటే దయచేసి దాచుకోకండి, ఇంట్లో వాళ్ళకీ డాక్టర్‌కీ ఆ రోజే చెప్పండి.

ఎస్సిటలోప్రామ్ అని ఆందోళన తగ్గించే మందు 5 ఎంజీతో మొదలుపెట్టి 10 చేశారు. మొదటి వారం వికారం, కంగారు తగ్గకపోగా ఇంకొంచెం పెరిగింది, ఆపేద్దాం అనుకున్నాను, కానీ ఇలా అవుతుందని ఆయన ముందే చెప్పారు కాబట్టి ఆగాను. నాలుగో వారంలో ఒక రోజు పొద్దున్న 6 కి మెలకువ వచ్చింది, 3 కి కాదు. నిద్ర మాత్ర కూడా ఇమ్మని అడిగాను, అలవాటు పడిపోయే రకం, వద్దు అన్నారు.

మందు ఒంటిని కాస్త కుదుటపరిచింది గానీ తల మార్చుకోవడానికి కౌన్సిలింగ్ పట్టింది. సీబీటీ అంటారు, మన ఆలోచనల తీరునీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే పద్ధతి, వారానికొకసారి, 14 వారాలు. కౌన్సిలింగ్ చేసే మేడమ్ మొదటి రోజే ఒక మాట అన్నారు, "మీరు అందర్నీ గ్యారంటీ అడుగుతున్నారమ్మా, అది మీ ఎండీ దగ్గర కూడా ఉండదు కదా." ఇంట్లో ధైర్యం చెప్పించుకోవడం ఆపమన్నారు, మా ఆయన్ని కూడా పిలిచి, అడిగితే "ఈ ప్రశ్న డైరీలో రాసుకో" అని మాత్రమే అనమన్నారు. మొదట్లో ఆయన మీద పీకలదాకా కోపం వచ్చేది. సాయంత్రం 6 నుంచి 6.20 దాకా ఆందోళనకి టైమ్, పగలు వచ్చిన భయాలన్నీ చిన్న నోట్‌బుక్‌లో రాసి ఆ టైమ్‌కి వాయిదా వెయ్యాలి. ఆ టైమ్‌కి తెరిచి చూస్తే సగం వాటికి ఆవేశం చల్లారిపోయి ఉండేది. పక్కన ఇంకో గడి, నిజంగా ఏం జరిగింది అని. నెలలో 31 రాశాను, జరిగినవి 2, ఆ రెండూ కూడా నేను భయపడినంత ఏం కాదు.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది ఇంకో ప్రశ్న. "సరే, తీసేశారు. మర్నాడు పొద్దున్న 10 గంటలకి మీరేం చేస్తుంటారు?" అని అడిగారు మేడమ్. నోట మాట రాలేదు. ఏడాదిగా ఆ తలుపు దాకా వెయ్యిసార్లు వెళ్ళాను, లోపలికి ఒక్కసారి కూడా చూడలేదు. ఆ ఆదివారం మా ఆయనా నేనూ కూర్చుని ఇంటి ఖర్చు, లోన్ వాయిదా, దాచుకున్నది అన్నీ కాగితం మీద వేశాం. నా జీతం లేకుండా 5 నెలలు గడుస్తుంది. ఎవరెవరికి ఫోన్ చెయ్యాలో 9 పేర్లు రాశాం, హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీదే కాకుండా మాదంటూ ఒకటి తీసుకున్నాం, రెజ్యూమె ఒక్కసారి సరిచేసి మూసేశాను. అంతకుముందు దాన్ని రాత్రి రెండింటికి తెరిచి కామాలు మార్చుకుంటూ కూర్చునేదాన్ని.

మొన్న మళ్ళీ ఒక రౌండ్ అయింది. మా టీమ్‌లో ఇద్దరు వెళ్ళారు. భయం వేసింది, చేతులు చల్లబడ్డాయి, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి లోపలికి 4 లెక్క, బయటికి 6 లెక్క ఊపిరి తీసుకుని, వాళ్ళిద్దరికీ ఫోన్ చేశాను. ఆ 9 పేర్లలో మూడు ఒకాయనకి ఇచ్చాను, ఆయన దగ్గర పెన్ను లేక మెసేజ్ పెట్టమన్నాడు, పెట్టాను. రాత్రి 4 కి ఒకసారి మెలకువ వచ్చింది, మళ్ళీ నిద్ర పట్టింది.

పోయిన నెల జీఏడీ-7 లో 6 వచ్చింది. బాగున్నాక కూడా మందు చాలా నెలలు వాడాలన్నారు, వాడాను, ఇప్పుడు డాక్టర్ గారే మెల్లగా తగ్గిస్తున్నారు, మళ్ళీ 5 ఎంజీకి వచ్చాం. రాత్రి పళ్ళకి పెట్టుకునే గార్డ్ మాత్రం ఇంకా పెట్టుకుంటున్నాను.