ప్లమ్ పైన్: గింజ దశ దాటి పెద్ద కుండీలోకి

ఈ వారం ప్లమ్ పైన్ మొక్కల్ని పెద్ద కుండీల్లోకి మార్చాను. ఇప్పటిదాకా ఏం చేశానో రాసి పెడుతున్నా, గింజలు తెప్పించుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

అడిగేటప్పుడు దీని శాస్త్రీయ నామం పోడోకార్పస్ ఎలేటస్ అనే అడగండి. ఆస్ట్రేలియా తూర్పు తీరపు అడవుల్లో పెరిగే ఈ సతతహరిత కోనిఫర్‌ని (పైన్, దేవదారు కోవలోని చెట్టుని) అక్కడ ఇల్లవారా ప్లమ్, బ్రౌన్ పైన్ అని కూడా అంటారు. పేరు దగ్గరగా ఉన్నా ప్లమ్ యూ వేరే చెట్టు, సెఫలోటాక్సస్ జాతిది. ఒట్టి యూ అనే చెట్టు అయితే మరీ జాగ్రత్త: గింజ చుట్టూ ఉండే ఎర్ర గుజ్జు తప్ప మిగతాదంతా విషమే. శాస్త్రీయ నామం లేని ప్యాకెట్ నేనైతే కొనను.

దీని పండు భలే ముచ్చటగా ఉంటుంది. జీడిమామిడి పండుకి జీడిగింజలా, నల్లటి ఊదారంగు గుజ్జు కొసన గింజ బయటే అంటుకుని ఉంటుంది. అసలు ఆ గుజ్జు కూడా ఉబ్బిన కాడే. తినేది అదే, గింజ తీసి పారేయాలి. కొంచెం జిగురుగా, తియ్యగా, వెనకాల పైన్ వాసన తగులుతుంది.

నాటడానికి తాజా గింజలే మంచివి. గుజ్జు ఆనవాలు లేకుండా కడిగి, రాత్రంతా నానబెట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (నీరు నిలవనివ్వని తేలికైన తెల్ల గుళికలు) సగం సగం కలిపి సెంటీమీటరు లోతున పెట్టాను. నీడలో ఉంచాలి, తడి ఆరకూడదు, నీళ్లు నిలవకూడదు. అన్నీ ఒకేసారి మొలవవు కాబట్టి ఆలస్యమైనవాటిని తవ్వి చూడొద్దు. ఇది పేరుకే పైన్: నిజమైన పైన్ మొలకకు తొలి ఆకులు గుత్తిగా వస్తాయి, దీనికి రెండే బీజదళాలు (తొలి ఆకులు). వాటి మీద గింజ పెంకు టోపీలా నిలిచిపోతే లాగకండి, తడి చేస్తే అదే ఊడుతుంది.

కుండీ మార్చేటప్పుడు వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలు వరసగా కనిపించాయి. వేర్లకు పట్టే నులిపురుగులేమో అని టెన్షన్ పడి వేర్లు కత్తిరించకండి! పోడోకార్పస్ వేర్లకు అవి సహజం, మొక్కకు మేలు చేసే శిలీంధ్రాలు వాటిలో ఉంటాయి. నేను పాత మట్టి పూర్తిగా దులపకుండా, వేరు మడత పడనంత లోతైన కుండీలో పెట్టాను. ఎదుగుదల మాత్రం బాగా నెమ్మది, దానికి ఎరువు పెంచి తొందరపెట్టడం నాకిష్టం లేదు.

ఇందులో ఆడ, మగ చెట్లు వేరు. పండు ఆడచెట్టుకే వస్తుంది, దగ్గర్లో పుప్పొడికి మగచెట్టు ఉండాలి. మొలక చూసి ఏది ఏదో చెప్పలేం, తేలడానికి చాలా ఏళ్లు పడుతుంది. అందుకే ఒక్క మొలకనీ వదులుకోకుండా, కాపు కాసిన ఆడచెట్టు నుంచి కొమ్మ కత్తిరింపులు తెచ్చి రూటింగ్ హార్మోన్‌తో వేర్లు పట్టించే పని ఇప్పుడు మొదలుపెడుతున్నాను.