రేకు మెరిసేదాకా

ఆదివారం. పొద్దున్న ఆరున్నరకే పోర్టికోలో బండి మీద టార్పాలిన్ తీసేశాను. నాలుగు రోజులుగా వాన లేదు. వెల్డింగు పెట్టడానికి ఇలాంటి పొడి రోజు కోసమే చూస్తున్నాను.

బండి 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని, బొంబాయి కుర్లా ఫ్యాక్టరీది. మా ఇంట్లో పద్మిని అని ఎవరూ అనరు, ఫియట్ అనే పిలుస్తాం. ఆ 1089 సీసీ ఇంజను గురించి నాకు బెంగ లేదు, పోయిన నెల బ్యాటరీ మార్చగానే అందుకుంది. బెంగంతా బాడీ గురించే. విశాఖలో సముద్రం హోరు వినపడే ఇంట్లో ఇన్నేళ్లు నిలబడిన బండి మరి. ఉప్పుగాలి లోపల ఏం చేసిందో పైన రంగు చూస్తే తెలియదు.

డ్రైవర్ వైపు డోరు కింద గడపలా పొడవునా ఉండే భాగం మీద అయస్కాంతం పెట్టాను. అంటుకోకుండా జారి కింద పడింది. స్క్రూడ్రైవరుతో గీకితే పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడింది, వేలు మందం. దాని వెనక తుప్పు పట్టిన పాత రేకు అలాగే ఉంది. ఎన్నో ఏళ్ల కిందట ఒక షెడ్డులో ఫుల్ పెయింటింగ్ చేయించినప్పటి పని అది. పుట్టీ తేమ పీల్చుకుంటుంది, ఆ తేమ లోపల రేకును తింటూనే ఉంది. "నాలుగు రోజుల్లోనే ఇచ్చేశారని సంతోషించాను రా," అన్నారు నాన్న. ఆ మాట విని నాకు చాలా బాధేసింది. ఆయన ఆ డబ్బు ఎలా కూడబెట్టారో నాకు తెలుసు.

"ఇంత చిన్న చిల్లుకి అంత కొయ్యాలా?" అని అడిగారు.

"తుప్పు రేకు మీద వెల్డింగు నిలవదు నాన్నా. మెరిసే రేకు కనపడేదాకా కొయ్యాల్సిందే."

కానీ వెంటనే కోసెయ్యడానికి లేదు. లారీకి ఉన్నట్టు దీనికి విడిగా ఛాసిస్ ఉండదు, బరువంతా బాడీయే మోస్తుంది. గడప తీసేస్తే బండి మధ్యలో కుంగుతుంది, ఆ తర్వాత డోరు సరిగ్గా పడదు. అందుకే ముందు కింద స్టాండ్లు పెట్టి, డోరు ఖాళీకి అడ్డంగా ఒక ఇనుప యాంగిల్‌ను తాత్కాలికంగా వెల్డింగు చుక్కలతో టాక్ చేశాను. బ్యాటరీ వైర్లు పీకి, సీట్లు, మ్యాట్లు బయట పడేసి, తడి గోనెపట్టా పక్కన పెట్టుకుని గ్రైండర్ పట్టాను. రూపాయి బిళ్ళంత చిల్లు చివరికి మూరెడైంది. లోపలంతా తడిసిన మట్టి. డోరు అడుగున నీళ్లు పోవడానికి ఉండే రంధ్రాలు కూడా దుమ్ముతో పూడిపోయి ఉన్నాయి. వాటిని తీగతో పొడిచి తెరిచాను.

పాత శుభలేఖ అట్టతో కొలత తీసి, ఆ ఆకారంలో 20 గేజి రేకు కత్తిరించాను. అతికించడం మాత్రం చాలా నిదానంగా సాగింది. ఈ చివర ఒక చుక్క, ఆ చివర ఒక చుక్క, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మధ్యలో ఇంకోటి. వీధి చివర టింకరింగ్ చేసే పెద్దాయన వచ్చి పక్కనే స్టూలు మీద కూర్చున్నారు. "వరసగా లాగెయ్యకు బాబూ. వేడికి రేకు ఉబ్బిందంటే తర్వాత ఎంత కొట్టినా మాట వినదు," అన్నారు. ఆ ఒక్క ముక్కకే రెండున్నర గంటలు పట్టింది. వెనక ఇనుప దిమ్మ పట్టి ముందు నుంచి చిన్న సుత్తితో ఎలా తట్టాలో కూడా ఆయనే చూపించారు. చూస్తే తేలికే. చేతికి రావడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది.

లోపల గ్రైండర్ అందని మూలల్లో రస్ట్ కన్వర్టర్ అనే తుప్పు మందు పూశాను. గోధుమరంగు తుప్పు కాసేపటికి నల్లబడింది. చీకటి పడకముందే రెడాక్సైడ్ ప్రైమరు కూడా కొట్టేశాను. ఈ గాలికి ఒట్టి రేకు వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ తుప్పు పొర కనిపిస్తుంది.

చేతులు కడుక్కుని వచ్చేసరికి నాన్న బండి చుట్టూ తిరుగుతున్నారు. ఒక చేతిలో అయస్కాంతం, ఇంకో చేతిలో సుద్దముక్క. అంటుకోని చోటల్లా సున్నా చుడుతున్నారు. డిక్కీ దగ్గరికి వచ్చేసరికి పదకొండు సున్నాలు అయ్యాయి.

"ఆ లైటు ఇటు పట్టు," అన్నారు.